మా చిన్నాయన జుట్టు

మా చిన్నాయన చచ్చిపోయిన సంగతి నేను రెండుసార్లు విన్నాను. రెండోసారి పూర్తిగా విన్నది మొన్న, శ్రీకాళహస్తిలో ఒక సత్రం వంటింట్లో, కూరగాయల గంపల మధ్య పీట వేసుకుని కూర్చుని. మొదటిసారి మాత్రం ఆయన్ని చంపింది మేమే. దర్భలతో ఒక బొమ్మ చేసి, దానికి ఆయన పేరు పెట్టి, మా చెరకు తోట గట్టున కాల్చి, బంధువులందరికీ వడలూ పాయసమూ వడ్డించాం. ఇంత మొరటుగా రాస్తే ఎలా అక్కా అని మా తమ్ముడు నొచ్చుకున్నాడు. రేడియోలోనూ ఆ తర్వాత సర్కారు టీవీలోనూ బతుకంతా 'తుదిశ్వాస విడిచారు', 'తీరని లోటు' అని చదివీ రాసీ విసిగిపోయినదాన్ని. ఇది మా ఇంటి చావు. దీన్ని నాకు తోచిన మాటల్లోనే చెబుతాను.

మాది ఐరాల. చెరకు వేసేవాళ్లం, సొంత గానుగ ఉండేది. చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో ప్రతి వస్తువుకూ బెల్లం వాసనే. దుప్పట్లకూ, నా పుస్తకాలకూ, చివరికి మజ్జిగకు కూడా. మా నాయన పొద్దున్నే పెనం దగ్గర నిలబడితే మధ్యాహ్నం దాకా కదిలేవాడు కాదు. ఆయన పాకం చూసి 'ఇంగ సాలు, దించండి' అనే ఒక్క మాట కోసం పనివాళ్లంతా ఆయన మొహంకేసి చూస్తూ ఉండేవాళ్లు. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆయన తమ్ముడు మునిరత్నం, అంటే మా చిన్నాయన, పూర్తిగా మరో రకం. గానుగ దగ్గర కాసేపు నిలబడితే జుట్టుకు పొగ పడుతుందని ఇంటికి పారిపోయి వచ్చేవాడు. నవ్వకండి, నిజంగానే. ఆ జుట్టు అలాంటిది. నల్లగా, ఒత్తుగా, నుదుటి మీద రింగులు తిరిగి పడేది. చిత్తూరులో సినిమాకు పోతే టికెట్లిచ్చేవాడు కూడా చిల్లర మరిచిపోయి తన తలకేసి చూశాడని ఆయనే చెప్పుకునేవాడు. శనివారం వచ్చిందంటే మా అవ్వ, మా నాయన తల్లి, ముప్పైకి దగ్గర పడుతున్న ఆ కొడుకును పెరట్లో బండ మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని ఆముదం మాడుకు పట్టించి, సీకాయతో రుద్ది తలంటి, సాంబ్రాణి పొగ వేసేది. ఆయన కళ్లు మూసుకుని పాట ఎత్తుకునేవాడు. "నేను బాలింతగా ఉన్నప్పుడు కూడా ఇట్ల పొగెయ్యలా మీ అవ్వ" అని మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి గొణిగేది. ఆ గొణుగుడులో అసూయ కంటే ముచ్చటే ఎక్కువగా ఉండేదని నాకిప్పుడు అనిపిస్తుంది.

మా ఇంటికి రేడియో తెచ్చింది కూడా చిన్నాయనే. దాని మీద ఇంకెవరు చెయ్యి వేసినా ఊరుకునేవాడు కాదు. వార్తలు చదివేవాళ్ల గొంతులన్నీ ఆయనకు తెలుసు. ఎవరికి జలుబు చేసిందో, ఎవరు ఆ పూట ఇంట్లో గొడవపడి వచ్చారో కూడా చెప్పేసేవాడు. వార్తలు అయిపోగానే నన్ను అరుగు మీద నిలబెట్టి, పేపరు చేతికిచ్చి చదవమనేవాడు. "గొంతు ముక్కులోనించి కాదు పాపా, కడుపులోనించి రావాల. ఊరికంతా సదవబాక. ఎవురో ఒకడు ఒంటిగా కూసోని వింటా ఉంటాడు సూడు, వానికి సదువు." నేను ఆటగా చదివేదాన్ని. ఆయన ఆటగా వినేవాడు కాదు. తప్పు పలికితే మళ్లీ మొదటి నుంచి. తర్వాత రేడియోలో నాకు శిక్షణ ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, సర్టిఫికెట్లూ ఇచ్చారు. కానీ నాకు చదవడం నేర్పింది తలకు తువ్వాలు చుట్టుకుని, సాంబ్రాణి వాసన కొడుతూ ఎదురుగా కూర్చున్న ఈ మనిషే.

ఆ జుట్టు మీద ఒక మొక్కు ఉండేది. చిన్నాయనకు కుర్రతనంలో టైఫాయిడ్ వచ్చి చావుబతుకుల్లో ఉంటే, బిడ్డ దక్కితే తల వెంట్రుకలు ఇస్తానని అవ్వ కొండ మీది స్వామికి మొక్కుకుంది. బిడ్డ దక్కాడు, వెంట్రుకలు మాత్రం కొండ ఎక్కలేదు. ఈ ఏడు కాదు వచ్చే ఏడు అని ఆయన, పోనీలే దేవుడు యాడికి పోతాడు అని అవ్వ, ఇద్దరూ కలిసి నెట్టుకొచ్చారు. చివరికి పెనుమూరు వైపు సంబంధం కుదిరింది. అప్పుడు మా నాయన పట్టుబట్టాడు, మొక్కు తీరాకే పెళ్లి అని. ఆ గొడవ నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను.

"పెండ్లికొడుకును గుండుతో పీటల మీద కూసోబెడతావా అన్నా? ఆ పిల్ల నన్ను జుట్టుతో సూసింది గదా" అన్నాడు చిన్నాయన.

"ఇస్తామని సెప్పింది ఇయ్యకుండా తాళి కట్టినావనుకో. రేపు ఆ బిడ్డకు ఏమన్నా అయితే ఎవురు జవాబు సెప్పేది? నీ జుట్టు సెప్తాదా?"

"పెండ్లి అయినాక ఇద్దరం పోయి ఇచ్చేసొస్తాం."

"నీ మాట ఇన్నేండ్లూ విన్నాం. గుండు గీయించుకోకుండా ఈ గడప తొక్కినావంటే నేను నీ అన్నను కాదు, పో."

చిన్నాయన పోయాడు. పోతూ పోతూ గోడకున్న అద్దంలో ఒకసారి తల దువ్వుకున్నాడు. అవ్వ సద్దికట్టిన పులిహోర మూట మరిచిపోతే నేనే బస్సు దాకా పరిగెత్తి ఇచ్చాను. "గుండుతో వస్తే నవ్వవు కదా పాపా?" అని అడిగాడు. నవ్వనన్నాను, అప్పుడే నవ్వేస్తూ.

ఒకటి రెండు రోజుల్లో రావాల్సినవాడు వారమైనా రాలేదు. మా ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు కంగారు పడలేదు! ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. "సిగ్గుపడతా ఉంటాడు. తిరుపతిలో ఎవురో స్నేహితుని ఇంట్లో ఉండి, ఇంత జుట్టు వచ్చినాక వస్తాడులే" అంది అవ్వ. ఎంత సబబుగా తోచిందో ఆ మాట! చిన్నాయనను ఎరిగినవాళ్లు ఎవరైనా అదే అనుకుంటారు. ఊళ్లోవాళ్లు కూడా అదే అన్నారు. అద్దం లేకుండా అరుగు దిగని మనిషి బోడి తలతో ఐరాల బస్టాండులో దిగుతాడా? ఈపాటికి గింజంత వచ్చుంటుంది, ఈపాటికి వేలెడు వచ్చుంటుంది అని అవ్వ రోజూ గాలిలో వేళ్లు పెట్టి కొలిచేది. "ఉగాదికంతా దువ్వెనకు అందుతాది, అప్పుడు సూడండి" అంది. ఉగాది వచ్చింది. పెళ్లికూతురి వాళ్లు మాకు ఇష్టం లేదని అర్థం చేసుకుని పిల్లకు వేరే చోట చేసేశారు. నాయన మాత్రం ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు తిరుపతికి పోయి స్నేహితుల ఇళ్లన్నీ చూసి వచ్చాడని తర్వాత తెలిసింది. ఏ ఇంట్లోనూ లేడు. గానుగ మళ్లీ తిరగడం మొదలయ్యాక గానీ మేం పోలీసు స్టేషనుకు పోలేదు.

అప్పటికి నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. రేడియో కేంద్రంలో యువజనుల కార్యక్రమానికి గొంతు ఇచ్చేదాన్ని. పలుకు బాగుందని అప్పుడప్పుడు వార్తలకూ పిలిచేవాళ్లు. మా న్యూస్ ఎడిటర్ పద్మనాభం గారని ఒకాయన ఉండేవారు. వక్కపొడి నములుతూ, ఎర్ర పెన్సిలుతో విశేషణాలన్నీ కొట్టేసేవారు. 'ఘనమైన' కొట్టేసేవారు, 'చారిత్రాత్మక' కొట్టేసేవారు, మంత్రిగారు ఎంత పెద్దవారైనా సరే. ఒకనాడు నాయనా అవ్వా పోలీసు కాగితం పట్టుకుని రేడియో కేంద్రానికి వచ్చారు. తప్పిపోయినవాళ్ల ప్రకటనలు వార్తల తర్వాత చదివే పద్ధతి ఉండేది. ఆ పూట చదివే వంతు నాది. పద్మనాభం గారు కాగితం చూశారు, పెన్సిలు ఎత్తారు, అవ్వ మొహం చూశారు, పెన్సిలు దించేశారు. "పెద్దామె చెప్పి రాయించినట్టుందమ్మా. ఉన్నదున్నట్టు చదివేయ్" అన్నారు.

చదివాను. "కనబడుటలేదు. చిత్తూరు జిల్లా ఐరాల గ్రామానికి చెందిన మునిరత్నం, వయసు ఇరవై తొమ్మిది సంవత్సరాలు, చామనఛాయ, ఒత్తయిన ఉంగరాల జుట్టు నుదుటి మీద పడుతూ ఉంటుంది, ఇంటి నుండి వెళ్లి తిరిగి రాలేదు. ఆచూకీ తెలిసినవారు దగ్గరలోని పోలీసు స్టేషనులో తెలియజేయవలసిందిగా కోరుతున్నాము." గొంతు వణకలేదు. అది నాకు ఎంత ఆశ్చర్యమో! చదివి బయటికి వస్తే డ్యూటీ రూములో అవ్వ గోడకున్న స్పీకరుకు దణ్ణం పెడుతూ ఉంది. "జుట్టు సంగతి బాగ సదివినావు బిడ్డా. ఇంగ ఎవురైనా గుర్తుపట్టేస్తారు" అంది. నాయన మంచినీళ్లు అడిగి తాగి, చొక్కా కొసతో మొహం తుడుచుకుని, అవ్వను తీసుకుని బస్టాండుకు పోయాడు.

మేం ఎక్కడ తప్పామో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మాకు మాత్రం తట్టలేదు. తిరుపతిలో నిలబడి, నాలుగు దిక్కులా గంధం పూసుకున్న గుండ్లు తిరుగుతుంటే, కొండ మీద గుండు గీయించుకోవడానికి పోయిన మనిషిని జుట్టు ఆనవాలు చెప్పి వెతికాం. జుట్టు మళ్లీ పెరిగి ఉంటుందనే మా ధీమా. ఆయన పెరగనివ్వకపోతే? ఆ మాట అవ్వ అనలేదు, నాయన అనలేదు, పోలీసులూ పద్మనాభం గారూ అనలేదు. మా అందరి కళ్లకూ చిన్నాయన అంటే ఆ జుట్టే.

ఆ తర్వాత నాకు వార్తలు చదివే ఉద్యోగం పక్కా అయింది. స్టూడియో వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది: తివాచీ వాసన, ఏసీ చలి, ఎవరో వదిలేసి వెళ్లిన కాఫీ. కాగితం చప్పుడు కాకుండా రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టాలి, ఉమ్ము మింగిన చప్పుడు కూడా మైకు పట్టేస్తుంది. ఎర్ర దీపం వెలిగాక, 'వార్తలు చదువుతున్నది వసంత' అన్నాక, మొదటి వార్తకు ముందు ఒక్క ఊపిరి ఆగాలి. ఆ ఊపిరిలోనే నాకు భయం వేసేది. అవతల ఎక్కడో ఒక మనిషి రేడియోకు దగ్గరగా జరిగినట్టు ఉండేది. ఒకసారి కాదు, చదివిన ప్రతి పూటా. స్నేహితురాళ్లకు చెబితే నీకు పెళ్లి చేయాలే అని నవ్వారు. బస్సులో పోతుంటే కిటికీలోంచి తలలే చూసేదాన్ని. గోవిందరాజస్వామి గుడి వీధిలో ఉంగరాల జుట్టు మనిషి ఒకడు కనబడితే బస్టాండు దాకా వెంటపడ్డాను, అతను వెనక్కి తిరిగి "ఏంది మేడం, ఏం కావాల?" అంటే, టైమెంత అని అడిగాను, నా చేతికే గడియారం ఉండగా. ఐరాలలో అవ్వ నా వంతు ఉన్న రోజుల్లో రేడియోను కిటికీలో వీధి వైపు తిప్పి, గట్టిగా పెట్టేది. వీధిలో పోతూ వింటాడేమోనని! "మన పిల్ల గొంతు వింటే వాడు యాడున్నా ఆగుతాడు. వాడు నేర్పిన గొంతే గదా అది" అనేదట. రాయలసీమలో వాన పడిందనీ పడలేదనీ, శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిందనీ, వేరుశనగ ధర పడిపోయిందనీ నేను చదివిన వార్తలన్నీ మా ఇంట్లో ఒకే అర్థంతో వినేవాళ్లు.

చాలా ఏళ్ల తర్వాత నాకు హైదరాబాదులో టీవీ వార్తల విభాగానికి బదిలీ అయింది. అక్కడ తెర మీద కనబడే పని కాదు, వెనక కూర్చుని వార్తలు రాసే పని, దిద్దే పని. రేడియోలో మాకు సెలవు చెప్పే ఆచారం లేదు. ఇన్నేళ్లు మీ ఇంట్లో మాట్లాడాను, రేపటి నుంచి రాను, అని ఎవరూ చెప్పరు. ఈ రోజు ఒక గొంతు, రేపు ఇంకో గొంతు, 'వార్తలు చదువుతున్నది' తర్వాత పేరు మారుతుంది, అంతే. అది నాకు అప్పట్లో గొప్పగానే తోచేది, వార్త ముఖ్యం గానీ మనిషి కాదు కదా అని. మర్యాద తక్కువ పని అని ఇప్పుడనిపిస్తుంది.

నేను హైదరాబాదు పోయిన నెలలోనే అవ్వ నాయనను పిలిచి కూర్చోబెట్టుకుందట. అప్పటికి ఆమెకు కళ్లు సరిగా కనబడవు. అంతకు ముందు కర్మ మాట ఎత్తినవాళ్ల మీదికి చీపురు ఎత్తిన మనిషి. పన్నెండేళ్లు దాటితే చేసేయొచ్చని అయ్యవారు చెప్పినా ఒప్పుకోని మనిషి. "ఇన్నాళ్లూ పిల్ల రేడియోలో పిలస్తా ఉన్నింది. రాలా. ఇంగ ఆ పిలుపు కూడా లేదు. ఉంటే వచ్చుండడా నాయనా? చేసేయండి" అంది. నాకు ఫోను వచ్చింది. వచ్చాను. దర్భబొమ్మను నాయన రెండు చేతులతో ఎత్తుకున్న తీరు చూడలేకపోయాను. పసిపిల్లను ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నాడు. తర్వాత కొన్నాళ్లకు అవ్వ పోయింది, ఆ తర్వాత నాయన, అమ్మ. గానుగ పోయింది, చెరకు పోయింది, ఆ తోటలో ఇప్పుడు మామిడి ఉంది.

రిటైరై తిరుపతికే వచ్చి ఉంటున్నాను. ఇప్పుడు కొండ మీద పిల్లవాడు తప్పిపోతే సాయంత్రానికల్లా ఫోటో అందరి ఫోన్లకూ వస్తుంది, దొరికాడని ఇంకో ఫోటో కూడా వస్తుంది. చూసి సంతోషిస్తాను, ఆ వెంటనే ఫోను బోర్లా పెట్టేస్తాను. టీవీలో పిల్లలు వార్తలు అరుస్తున్నారు. నేను అరిచి ఉంటే చిన్నాయన చెవి మెలిపెట్టేవాడు. అయినా వాళ్లనేం అనను. మేం పద్ధతిగా, మెల్లగా, ఒక్క అక్షరం జారకుండా చదివీ మాకు కావలసిన మనిషిని ఇంటికి రప్పించుకోలేకపోయాం.

మొన్న మా తమ్ముడు ఐరాల నుంచి ఫోను చేశాడు. శ్రీకాళహస్తి నుంచి ఒకామె ఊరికి వచ్చిందట, గానుగ వాళ్ల ఇల్లు ఏది అని వాకబు చేసుకుంటూ. పేరు కాంతమ్మ. కోమట్ల సత్రంలో వంట చేస్తుంది. తనతో పాటు వంటింట్లో పనిచేసిన ఒక ముసలాయన పోయాడనీ, పోయే ముందు ఐరాల అనీ గానుగ ఇల్లు అనీ చెప్పాడనీ, పేరు మునిరత్నం అనీ చెప్పి వెళ్లిందట. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి ఎంత దూరం? ఒక కునుకు తీసేలోగా బస్సు దింపేస్తుంది. ఆ దూరంలో ఆయన నలభై ఏళ్లకు పైగా ఉన్నాడు. ఆ సత్రం ముందు నుంచి రిపోర్టింగుకు నేను ఎన్నిసార్లు జీపులో పోయానో!

కాంతమ్మకు నా వయసే ఉంటుంది. వంకాయలు తరుగుతూనే మాట్లాడింది. ఆయన అన్న కూతుర్నని చెప్పాను.

"నాకంటే ముందు మా అత్త ఈడ వండేది. ఆ కాలంలో వచ్చినాడంట, నున్నటి గుండుతో. బువ్వ తిని, ఊరికే తినకూడదని కూరగాయలు తరిగినాడు. ఆ పొద్దు కూసున్నోడు లెయ్యలా. నేను అడిగినాలేమ్మా, ఇంటికి ఎందుకు పోలేదని. గుండు గీయించుకోని అద్దంలో సూసుకుంటే ఎవురో కొత్తోడు కనపడినాడంట. ఈణ్ణి మా ఊర్లో ఎవురూ ఎరగరు, ఒక పూట ఇట్లనే తిరిగి సూద్దామని బస్సెక్కినాడంట. ఆ పూట అట్లనే జరిగిపోయిందని నవ్వేటోడు. సచ్చేదాకా తలన వెంట్రుక నిలవనీలా."

"రేడియోలో చెప్పాం కదమ్మా. ఆయన కోసం ప్రకటన ఇచ్చాం. వినలేదా?" అన్నాను. నా గొంతు లేచింది. పక్కన అంట్లు తోముతున్న పిల్ల ఆగి చూసింది.

"విన్నాడు. ఈడనే, ఈ వంటింట్లోనే, సెవులారా విన్నాడు. మా అత్త అడిగిందంట, ఇది నువ్వేనా మునిరత్నం అని. 'నేను కాదక్కా. వాళ్లు జుట్టున్నోణ్ణి వెతుకుతా ఉండారు. ఆడు యాడికి పోయినాడో నాకూ తెలీదు' అన్నాడంట. మొండోడమ్మా. కానీ రేడియో మాత్రం వదల్లా. ఆ వార్తలు సదివే పిల్ల మా అన్న బిడ్డ అని నా ఒక్కదానికే సెప్పినాడు. ఆ పిల్ల సదివితే కత్తి కింద పెట్టేసి వినేటోడు." తరుగుతున్న చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది. "అవునూ, పాపం సచ్చిపోయిందే, ఆ రేడియో యమ్మకు మీరు అక్కా, సెల్లెలా?"

నాకు మొదట అర్థం కాలేదు. "చచ్చిపోయిందని ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఒగనాటి నించీ ఆ యమ్మ గొంతు రాలా. వేరే ఎవురో సదవతా ఉన్నారు. వారం సూసినాడు, పది దినాలు సూసినాడు. పిచ్చోని మాదిరి అయిపోయినాడు. అదే కాలంలో మీ ఐరాల నించి ఎవురో రాహుకేతు పూజకు వచ్చి మా సత్రంలో దిగినారు. మీ ఊర్లో గానుగోళ్లు ఎట్లుండారని మెల్లగ అడిగినాడు. 'మొన్ననే ఆ ఇంట్లో కర్మ అయింది సామీ, సిన్న వయసులోనే పోయిన సావు, ఆ ముసిలామె ఏడుపు సూడలేకపోయినాం' అన్నారంట. ఇంగేముండాది. ఆ పిల్లే అనుకున్నాడు."

ఆ కర్మ ఆయనదే. మేం గట్టున కాల్చింది ఆయన బొమ్మనే. నా గొంతు ఆగిపోయిందని అవ్వ ఆయన మీద ఆశ వదిలేసింది. అవ్వ చేయించిన కర్మ సంగతి విని ఆయన నా మీద ఆశ వదిలేశాడు. ఇక్కడ మేం ఆయనకు నీళ్లు వదిలాం, అక్కడ ఆయన నాకు వదిలాడు. అప్పుడు నేను హైదరాబాదులో బతికి ఉన్నాను, క్యాంటీనులో ఇడ్లీలు చల్లగా ఉన్నాయని దెబ్బలాడుతూ.

"ఆ వసంత నేనే" అన్నాను.

కాంతమ్మ కత్తిపీట మీది నుంచి లేచి రెండడుగులు వెనక్కి వేసింది. నన్ను కింది నుంచి పై దాకా చూసింది. దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, మణికట్టు దగ్గర గట్టిగా నొక్కి చూసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆమె వదిలేసిన వంకాయ ముక్కలు నీళ్ల గిన్నెలో వేస్తూ కూర్చున్నాను.

"మీకు ప్రతి ఏడూ పెట్టినాడు తల్లీ" అంది కాసేపటికి. "మహాలయ అమావాస్యకు తానే వండి, ఆకులో పెట్టుకోని మిద్దె మీదికి పోయేటోడు. కాకి తొందరగా వచ్చేది కాదు. ఎండలో అట్లనే నిలబడేటోడు. 'దిగు పాపా, దిగు' అని బతిమాలుకునేటోడు. కాకి రాకపోతే కిందికి వచ్చి, 'ఆ పిల్లకు నా మీద కోపం పోలేదు కాంతమ్మా. అంత పిలిసింది, నేను పోలా. యాడ పోతాది కోపం?' అని ఏడ్చేటోడు. కాకి ముట్టిందాకా తాను ఒక మెతుకు ముట్టేటోడు కాదు. పోయినేడు సాయంత్రం దాకా ఉపాసం ఉన్నాడు."

బయట సత్రం వరండాలో భక్తులు భోజనాలకు చేరుతున్నారు. అక్కడ రోజూ మొదటి ముద్ద కాకికి పెట్టాకే వడ్డన మొదలుపెడతారు. కాంతమ్మ మొహం కడుక్కుని వచ్చి, అరిటాకు ముక్కలో వేడన్నం, పప్పు, ఇంత నెయ్యి వేసి నా చేతిలో పెట్టింది. "ఈ పొద్దు మీరు పెట్టండమ్మా" అంది.

మిద్దె మెట్లు నిటారుగా ఉన్నాయి. నా మోకాళ్లకు చాలా కష్టమైంది. పైన ఎండ మండిపోతూ ఉంది, పిట్టగోడ చివర ఒక కాకి కూర్చుని ఉంది. ఆకు కింద పెట్టి, ఏం అనాలో తెలియక నిలబడ్డాను. బతుకంతా మైకు ముందు మాట్లాడినదాన్ని, ఎవరో రాసిచ్చినదో నేను రాసినదో కాగితం చూసి చదివినదాన్ని. ఆ పూట బస్సు కదిలాక ఆయనతో నేరుగా ఒక్క మాట కూడా అనలేదు. కాకి నన్ను చూస్తూ ఉంది, దిగలేదు. అప్పుడు నా నోటికి మా ఊరి మాట వచ్చింది.

"కోపం ఉండాది చిన్నాయనా, శానా ఉండాది. అన్నం మాత్రం తిను" అన్నాను.